జెట్టి సంగతి

వర్లీ, బొంబాయి
9 నవంబర్ 1980

అమర్నాథ్ కాకకు,

కోపంల ఉన్న గాని నమస్కారం పెట్టుడు మర్చిపోలేదు.

మన ఇంట్ల నేను ఒకటి చెప్తే మీకు ఇంకోటి ఎందుకు వినబడుతదో నాకు ఇప్పటికీ సమజ్ కాలేదు. చిన్నప్పుడు "ఆకలి లేదు" అంటే "అలిగింది" అన్నరు. బీఏ పాసయినంక "ఏదన్న చెయ్యాలె, ఇంట్ల కూసుంటే కాళ్లు గుంజుతున్నయి" అంటే, నాయిన డాక్టర్ దగ్గరికి తీసుకపోయిండు. ఇప్పుడు "సాయంత్రం పూట బందర్‌కు పోతున్న, గాలి మంచిగుంటది" అని రాస్తే, కాలు విరిగిన తారాబాయి అత్తను మంచం మీద వదిలేసి నేను ఆంధ్రల ఉన్న మచిలీపట్నం బందరుకు పోయిననని తేల్చిన్రు! నిన్ను రైలెక్కించి అక్కడ వెతకనీకి తోలిన్రు! నిన్న తంతి వచ్చింది: "బాలమణి బందరులో కనబడలేదు, మీకేమైనా తెలుసా" అని. ఆ తంతి సంతకం పెట్టి తీసుకున్నది నేనే కాకా. కనబడని బాలమణినే.

బొంబాయి నుంచి బందరుకు సాయంత్రం పోయి, అన్నం యాళ్లకు ఎట్ల తిరిగొస్త? ఇంట్ల ఇంతమంది ఉన్నరు, ఒక్కరికన్న ఈ అనుమానం రాలేదా?

ఇక్కడ బందర్ అంటే ఊరు కాదు. పడవలు, లాంచీలు వచ్చి ఆగే జాగ. అపోలో బందర్ అంటరు. పెద్ద రాతి కమాను, దాని ముంగట సముద్రం, సముద్రంలకు పొడుచుకొని పోయిన రాతి గట్టు, గట్టుకు మెట్లు. పొద్దుగాల కిందిమెట్లు పాకురు పట్టి కనబడుతయి, సాయంత్రానికి నీళ్లు వాటిని మింగేస్తయి. ఫొటోలు తీసేటోల్లు కొత్త పెండ్లిజంటలను నిలబెట్టి "జర దగ్గరికి, జర దగ్గరికి" అంటరు. వాళ్లు జరుగుతరు గాని, పెండ్లికొడుకు చెయ్యి ఎక్కడ పెట్టాల్నో తెల్వక జేబుల పెట్టుకుంటడు. పల్లెలోల్లు లాంచీ ఎక్కేముందు చెప్పులు విడిచి చేతుల పట్టుకుంటరు. పట్నమోల్లు చూసి నవ్వుతరు. నాకు నవ్వు రాదు. మనం గుడికాడ విడిచినట్టు వాళ్లు నీళ్లకాడ విడుస్తున్నరు.

అత్తను వదిలి తిరుగుతున్నదని అనుకోకున్రి. సాయంత్రం మామ మిల్లు నుంచి వచ్చి అత్త దగ్గర కూసుంటడు. అప్పుడు అత్తనే నన్ను తోలుతది. "పోవే, నన్ను చూసి చూసి నీ మొఖానికి కూడ పట్టీ కట్టినట్టయింది" అంటది.

నాయినకు, అమ్మకు, అవ్వకు ఇది చదివి వినిపించు.

బాలమణి

లోపల జాగ అయిపోయింది, ఇన్‌లాండ్ లెటర్ అంటించే గమ్ పట్టీ మీద రాస్తున్న: ఇంకమీద బందర్ అనే మాటనే రాయ. ఆ రాతి గట్టును ఇక్కడ జెట్టి అంటరు. జెట్టి అనే రాస్త. ఇగ గడబిడ ఉండదు.


జహీరాబాద్
18 నవంబర్ 1980

బిడ్డ బాలమణికి, ఊరికనే బందరు చూసొచ్చిన కాక దీవించి రాసేది.

నీ లెటర్ అందింది. నేను దుకాణం నుంచి వచ్చేదాక అవ్వ ఆగలేదు, తనే చింపింది. చదువొస్తదా అంటే రాదు, చింపుడొస్తది. గమ్ ఉన్న పట్టీ మొత్తం ఊడి పొయ్యిల పడ్డది. ఫికర్ లేదు, పట్టీ మీద ఏముంటది, "అందరికి నమస్కారాలు" అనే ఉంటది.

నువ్వు మమ్ములను అన్నమాటలు చదివి వినిపించిన. నాయిన గొంతు సవరించుకొని చేనుకు పోయిండు. అంటే ఒప్పుకున్నట్టే.

నా యాత్ర విను. బందరు బస్టాండ్ల ఒకాయనను "అన్నా, గీ దిక్కు బాలమణి అనే పొల్ల అచ్చిందా?" అని అడిగితే, "మీది ఏ దేశమండీ?" అన్నడు. మన రాష్ట్రమే అన్న. నమ్మలేదు. ఇంకో ఇద్దర్ని పిలిచి "మళ్లీ ఓసారి మాట్లాడండి" అన్నడు. మంచోల్లే బిడ్డా, నవ్వుకుంటనే అన్నం పెట్టిన్రు, నాతోటి వీధివీధి తిరిగిన్రు, లడ్డూలు కట్టిచ్చిన్రు. "అమ్మాయి దొరికితే ఒక కార్డు ముక్క రాయండి" అన్నరు. నువ్వు దొరికినవని రాయాల్నా, పోనే లేదని రాయాల్నా?

ఇక్కడ పక్క దుకాణం గురులింగప్ప ఇంకో తీరు. "అమర్నాథ్, హిందీల బందర్ అంటే కోతి గదయ్యా! మీ పిల్ల దినాం కోతులను చూడపోతున్నది" అన్నడు. అవ్వ ఆ మాట పట్టుకొని, "దూరం నుంచి చూడుమను, కొరుకుతయి" అని రాయమన్నది. రాసిన.

అసలు సంగతి. నాయిన నీకు కోహీర్ల ఒక బడిల టీచర్ నౌకరి మాట్లాడిండు. జనవరి ఆఖరు దాక కుర్చీ ఖాళీగ పెడ్తమన్నరు. పొద్దుగాల బస్సెక్కి పోతే పొద్దుగూకేలోపల ఇంట్ల ఉంటవు. అత్త కాలు నయం కాంగనే వచ్చేయి. నువ్వే గద ఏదన్న చెయ్యాలె అన్నవు.

నీ కాక
అమర్నాథ్


వర్లీ, బొంబాయి
30 నవంబర్ 1980

కాకకు,

బందరోల్లకు కార్డు తప్పకుండ రాయి. "పిల్ల దొరికింది, తప్పిపోయింది మేమే" అని రాయి. నీ లెటర్ అత్తకు చదివి వినిపిస్తే, నవ్వించకే, కాలు కదులుతున్నది అని నన్నే తిట్టింది.

అత్త ఇప్పుడు కర్ర పట్టుకొని పంపుకాడి దాక నడుస్తున్నది. కోహీర్ నౌకరి సంగతి చదివిన. ఆలోచిస్త.

ఇయ్యాల జెట్టి ముచ్చట్లే రాస్త. నిజం చెప్పాలంటే జెట్టిని చూడని దినం నాకు దినం లెక్కనే అనిపిస్తలేదు. పొద్దుగూకంగనే అత్త కూడ "జెట్టి దగ్గరికి పోవా ఇయ్యాల?" అని అడుగుతది. మొదట్ల భయమైంది, ఎక్కడ జారుతనో అని. ఇప్పుడు అలవాటైంది. జెట్టికి ఆనుకొని కూసుంటే లేవబుద్ధి కాదు. మనసుల ఉన్న చికాకంత పోతది.

మొన్న అక్కడ ఒక తమాష అయింది. బీదర్ దిక్కు ముసలమ్మలు గుంపుగ వచ్చిన్రు, ఘారాపురి దీవికి పోయి గుహలు చూస్తరంట. లాంచీల సూపర్‌వైజర్ పీటర్ అని ఉన్నడు, గోవా మనిషి, తెల్ల మీసాలు. "ఆఖరి లాంచీ! ఇప్పుడు పోతే చూసేటందుకు టైమ్ చాలదు!" అని మరాఠీల ఒకసారి, హిందీల ఒకసారి ఒర్లుతున్నడు. గుంపుల పెద్దామె బసమ్మ నడుము మీద చెయ్యి పెట్టుకొని "ఇవ యాక బైతాన?" అంటున్నది, ఈయన ఎందుకు తిడుతున్నడని. నేను నడుమ పడి కన్నడంల చెప్పిన. తిట్టుడు కాదమ్మా, రేపు పొద్దుగాల రమ్మంటున్నడు అని. "ఆ మాట మెల్లగ చెప్తే వాని మీసం రాలుతదా?" అన్నది. అది కూడ పీటర్‌కు హిందీల చెప్పిన. వెనుకనే కరీంనగరోల్లు తెలుగుల అడిగిన్రు, షోలాపూర్ ఆయన మరాఠీల, ఇంకో కుటుంబం ఉర్దూల. అందరికీ జవాబు చెప్పిన.

పీటర్ టోపీ తీసి తల గోక్కున్నడు. "ఇన్ని భాషలు ఏ కాలేజీల నేర్చినవమ్మా?" అన్నడు.

"జహీరాబాద్ బస్టాండ్ల" అన్న.

నిజమే గద కాకా! ఒక దిక్కు బీదర్ బస్సు, ఒక దిక్కు ఉద్గీర్ బస్సు, నడుమ హైదరాబాద్ బస్సు. "బస్సు పోయిందా?" అనే మాట నాలుగు తీర్ల వస్తేనే మనకు అక్కడ బతుకు. పీటర్ నవ్వి, "రేపటి నుంచి నీకు జీతమిస్త, నా బదులు నువ్వే ఒర్లు" అన్నడు. ఆయన నవ్విండు గాని నాకు ఇంటికొచ్చేదాక ఆ మాటనే చెవుల ఉన్నది.

బాలమణి


జహీరాబాద్
9 డిసెంబర్ 1980

బిడ్డ బాలమణికి,

అందరం మంచిగున్నం. అల్లం తవ్వకం నడుస్తున్నది. ఎండ మంచిగ కాస్తున్నది.

నీ లెటర్ అందరి ముంగట చదివిన. నడుమ ఆగుదామనుకున్న గాని నోరు ముందటికి పోయింది. అమ్మ లేచి లోపలికి పోయింది. అవ్వ "మల్ల చదువు" అన్నది. మల్ల చదివిన. నాయిన చుట్ట వెలిగించి, అది ఆరిపోయినా పీలుస్తనే ఉన్నడు.

చూడు బిడ్డా, నేను నిన్ను ఏమన. నువ్వు చదువుకున్నదానివి, మంచి చెడు తెలిసినదానివి. కాకతోటి దాపరికం వద్దు. జెట్టి సంగతి పూర్తిగ రాయి. వయసెంత, ఎవల్ల తాలూకు, ఆమ్దాని ఏంది, పొడుగెంత, ఏమన్న ఐబులున్నయా, ఉన్నదున్నట్టు రాయి. నాయిననే అడుగుమన్నడు. కోపంల లేడు. జర కలత పడ్డడు, అంతే.

గురులింగప్పకు ఈ సంగతి చెప్పలేదు. వాడే పొద్దున వచ్చి "ఏమైంది, మీ అన్న సలాం తీసుకుంటలేడు" అని అడిగిండు. పండ్లనొప్పి అని చెప్పిన.

తొందరగ జవాబు రాయి.

నీ కాక
అమర్నాథ్


వర్లీ, బొంబాయి
17 డిసెంబర్ 1980

కాకా!

నాయిన జెట్టి గురించి అడిగిండని చదివి నా కండ్లల్ల నీళ్లు తిరిగినయి. నా జన్మల మొదటిసారి, నాకు ఏది నచ్చిందో నాయినకు తెలుసుకోబుద్ధయింది. నాకు మీ మీద ఉన్న కోపమంత పోయింది. ఇగ రాస్త, విన్రి.

వయసు అరవై దాటిందని పీటర్ లెక్క. అంతకంటే ఎక్కువనే ఉంటదని అక్కడ పల్లీలమ్మేటోల్లు అంటరు. అయినా ఇప్పటికీ గట్టిగున్నది. ఇంగ్లీషోల్ల కాలం చూసింది. ఎవల్ల తాలూకు అంటే సర్కారుదే, వేరే వారసులు ఎవలూ లేరు. ఆమ్దాని అంత లాంచీల మీదనే. పొడుగు చెప్పరాదు, నువ్వు వచ్చి చూడాల్సిందే, మన ఊర్ల అంత పొడుగు నేను చూడలేదు. రంగు నలుపు.

ఐబులు లేవని అబద్ధం చెప్ప. ఒక పక్కకు జర కుంగింది. పొద్దుగాల పొడిగుంటది గాని పొద్దుగూకినంక ఎప్పుడు చూసినా తడిసే ఉంటది. దగ్గరికి పోతే చేపల వాసన. ఎంతమంది తొక్కుకుంట పోయినా కిక్కురుమనది. నాకు ఆ గుణమే నచ్చింది.

ఇంకో సంగతి, అసలు సంగతి ఇదే. పీటర్ నవ్వులాటకు అన్లేదు. లాంచీల మాలిక్‌తోటి మాట్లాడిండు. నన్ను జెట్టి దగ్గరనే ఉండిపొమ్మంటున్నరు. ఇంట్ల అడిగి చెప్త అన్న. నా మనసు మాత్రం ఎప్పుడో ఒప్పుకున్నది. అత్త "నీ ఇష్టం, మీ నాయినను నేను చూసుకుంట" అంటున్నది. తపాల డబ్బ తీసే యాళ్లయింది, మిగతాది మల్ల రాస్త.

నాయినకు నా నమస్కారం. ఈసారి కోపంల లేను.

బాలమణి


జహీరాబాద్
26 డిసెంబర్ 1980

బాలమణీ,

అరవై దాటినోడా! బిడ్డా, నీకు ఇరవై మూడు!

నీ లెటర్ చదివినంక ఈ ఇంట్ల పొయ్యి ముట్టియ్యలేదు. వారసులు లేరంట, ఆయన సర్కారు మనిషంట, ఇంగ్లీషోల్ల కాలం చూసినోడంట! పొద్దుగూకినంక తడిసే ఉంటడని నువ్వే రాసినవు. దేంట్ల తడుస్తడో మాకు తెల్వదా? మన కల్లు దుకాణం ముంగట కూసునేటోల్లు కూడ పొద్దుగాల పొడిగనే ఉంటరు.

నేను నీ దిక్కు మాట్లాడదామని చూసిన. "అన్నా, పిల్ల జెట్టి 'ఉన్నది' అని రాసింది, 'ఉన్నడు' అని రాయలేదు, ఎవరో ఆడమనిషి కావచ్చు" అన్న. నాయిన నన్ను ఎట్ల చూసిండో! "మీ వదినె నన్ను ముప్పై ఏండ్ల సంది పేరు పెట్టి పిలిచిందారా? 'అటు దిక్కు అన్నం తిన్నదా' అని అడుగుతది. ఆడపిల్లకు సిగ్గుంటే 'డు' అని రాస్తదా?" అన్నడు.

గురులింగప్పకు తెలిసిపోయింది. "జెట్టి అంటే పహిల్వాన్ గదా, మా కన్నడోల్లల్ల శానమంది ఉన్నరు, కుస్తీల పక్క కుంగి ఉంటది" అన్నడు. అవ్వ ఒక్కతే జెట్టి దిక్కున్నది. "అంతమంది తొక్కుకుంట పోయినా కిక్కురుమనలేదంటే పాపం మెత్తని మనిషే" అన్నది. నాయిన అవ్వ మీద కూడ ఒర్లిండు.

నేను, నాయిన రేపు బయలెల్లుతున్నం. ఈ కార్డు మా కంటే ముందు చేరుతదో లేదో. మేము వచ్చేదాక ఆయనకు ఏ మాట ఇయ్యకు.

అమర్నాథ్


జహీరాబాద్
19 జనవరి 1981

బిడ్డ బాలమణికి, నవ్వలేక చస్తున్న కాక రాసేది.

మేము క్షేమంగ చేరినం. చేరినకాన్నుంచి గంజ్ బజార్ల ఒక్కటే ముచ్చట. దుకాణానికి సరుకు కోసం వచ్చేటోల్ల కంటే ఇది వినటానికి వచ్చేటోల్లు ఎక్కువైన్రు. నేను ఎట్ల చెప్తున్ననో విను, తప్పుంటే దిద్దు.

"మా అన్న పట్టు రుమాలు చుట్టిండు, చేతుల కర్ర పట్టిండు. తారాబాయి నవ్వాపుకోలేక మొఖం గోడ దిక్కు తిప్పింది. పిల్ల మమ్ములను బస్సెక్కించి సముద్రం దాక తీసుకపోయింది. అన్న అటు చూసిండు, ఇటు చూసిండు. 'ఏడీ, ఆ జెట్టి ఏడీ? పిలువు, నేను మాట్లాడుత!' అన్నడు. పిల్ల అన్నది: 'నాయినా, జెట్టి మీదనే నిలబడ్డవు.' అన్న కిందికి చూసిండు. కర్రతోటి కొట్టిండు. మల్ల కొట్టిండు. 'గట్టిగనే ఉన్నది' అన్నడు."

ఇక్కడిదాక చెప్పంగనే గంజ్ల సంచులు మోసేటోల్లు కూడ సంచులు కింద పెడ్తరు. గురులింగప్ప ఒక్కడు, "పహిల్వాన్ అని నేను అన్నదే నిజమైంది, అంత బరువు మోస్తున్నది గదా" అంటడు.

ఆ సాయంత్రం పీటర్ బదులు నువ్వు నోటికాడ బోంగా పట్టుకొని లాంచీల పేర్లు, టైములు చెప్తుంటే నాయిన ఎంతసేపు నిలబడ్డడో చూసినవా? రైల్ల నాతోటి అన్నడు: "విన్నవారా? ఏ జబాన్ల కూడ తడబడలేదు. మరాఠోడు మరాఠీదనుకున్నడు, కన్నడోడు కన్నడదనుకున్నడు." ఉద్గీర్ ఆయన ఒకడు నాయినను పట్టుకొని "మీ బిడ్డనా?" అని అడిగిండంట. అది నాకు రెండుసార్లు చెప్పిండు.

గాని ఇంట్ల అడుగు పెట్టంగనే మాట మారింది. "రాయే గదా! మనిషైతే తెంపుడు కష్టమయ్యేది. రాయిని విడిచి రానీకి ఏముంది?" అన్నడు. ఆడపిల్ల గట్టు మీద నిలబడి ఒర్లుడు నౌకరి అని ఎవలకు చెప్పుకోవాలె అంటున్నడు. తారాబాయి కర్ర విడిచి నడుస్తున్నది గనుక నీకు అక్కడ పని అయిపోయినట్టే అంటున్నడు. కోహీర్ బడోల్లకు పోయి మాట ఇచ్చి వచ్చిండు. అమ్మ నీ కోసం రెండు కొత్త చీరలు తీసింది, టీచరమ్మ కట్టుకునే తీరువి. అందరం సంబరంల ఉన్నం బిడ్డా. ఏమో అనుకున్నం, ఏమీ లేదని తేలింది. ఈ నెలాఖరుకు వచ్చేయి.

నా మాట అడుగుతవేమో. నన్ను అడగకు. నేను మీ నాయిన ఇంట్ల తింటున్న.

నీ కాక
అమర్నాథ్


వర్లీ, బొంబాయి
27 జనవరి 1981

కాకకు,

నీ ముచ్చటల ఒక తప్పున్నది. నాయిన మూడోసారి కూడ కర్రతోటి కొట్టిండు, నువ్వు అప్పుడు పల్లీలు కొంటున్నవు.

ఈ లెటర్ నాయినకు చదివి వినిపించు. నడుమ ఆగకు. అవ్వను చింపనియ్యకు.

మనిషి కాదు రాయి అని తెలిసి మీరు ఎంత సంబరపడ్డరో నేను కండ్లార చూసిన. మామ మిఠాయి తెచ్చిండు, నాయిన పీటర్‌ను కావలించుకున్నడు. ఆ సంబరంల "ఏమీ లేదు" అన్నరు. రైలెక్కేటప్పుడు కూడ అదే అన్నరు. అరవై ఏండ్ల ముసలోడి కోసం ఇంట్ల పొయ్యి ముట్టియ్యలేదు, రెండు దినాలు రైల్ల వచ్చిన్రు, అంత పెద్ద సంగతైంది. నాకు నచ్చిన పని దొరికింది అంటే మాత్రం "ఏమీ లేదు" అయింది. నా లెటర్ల నేను రాసిన అసలు సంగతి ఒక్కటే కాకా: నన్ను ఉండమంటున్నరు, నాకు ఉండబుద్ధయితున్నది. ఆ ఒక్క లైను మీరు ఇంకా చదవలేదు.

కోహీర్ బడి చెడ్డది కాదు. టీచర్ నౌకరి తక్కువది కాదు. గాని పొద్దుగాల బస్సు, పొద్దుగూకంగ బస్సు, నడుమ అదే పాఠం, ముప్పై ఏండ్లు. అది నాయిన గీసిన గీత, చక్కగ గీసిండు, నాకు నడవబుద్ధి కాదు.

నిన్న జనవరి ఇరవయ్యారు గదా, ఊరంత సముద్రం కాడనే ఉన్నది. ఆ గుంపుల ఎవరి ముసలాయనో తప్పిపోయిండు. మామూలుగ పిల్లలు తప్పిపోతరు, ఈయన తాత. ఏ ఊరంటే చెప్పడు, పేరంటే చెప్పడు, పీటర్ హిందీల గోసపడుతున్నడు. నేను పోయి తెలుగుల "తాతా, ఆకలైతున్నదా?" అన్న. "నేను తప్పిపోలే, మా కోడలు తప్పిపోయింది" అన్నడు. మన ఇంటోడే అనిపించిండు! బోంగాల పిలిస్తే కోడలు ఏడ్చుకుంట ఉరికొచ్చింది. ఆమె నా చెయ్యి పట్టుకొని, "మీదేవూరు?" అన్నది. చెప్పిన. "అక్కడోల్లు ఇక్కడ కూడ ఉన్నరా?" అన్నది. ఉన్నరు అన్న.

ఎవలకు ఏమని చెప్పుకోవాలె అని నాయిన అడిగిండు గదా. లాంచీ కంపెనీల అనౌన్సర్ అని చెప్పుమను. అర్థం కాకుంటే, ఎవలు ఎటు పోవాల్నో చెప్పే నౌకరి అని చెప్పుమను. గంజ్ల నువ్వు ఎట్లనూ ఇంకో తీరు చెప్తవు.

వర్లీలనే, అత్త ఇంట్లనే ఉంట. అత్త, మామ ఒప్పుకున్నరు. ఖర్చుకు నా భాగం నేను ఇస్త.

అమ్మ తీసిన చీరలు పంపుమను. గట్టు మీద కూడ చీరలే కడుతరు.

కోహీర్ బడోల్లకు ఇయ్యాల పొద్దున కార్డు రాసిన, ఆ కుర్చీ ఇంకొకరికి ఇయ్యమని. వచ్చే సోమవారం, ఫిబ్రవరి రెండో తారీఖున, నేను నౌకరిల చేరుతున్న. నెలాఖరుకు రాను. ఇక్కడనే ఉంట.

బాలమణి